చెట్టూ గట్టూ జట్టు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక వాగు. వాగు ఒడ్డున ఒక ముసలి మద్దిచెట్టు. మన కథ ఆ చెట్టు దగ్గరే మొదలైంది పిల్లలూ. అదీ ఒక గొడవతో మొదలైంది.

ఆ చెట్టు చిటారుకొమ్మ మీద మంజరి అనే గోరువంక ఉండేది. వయసులో చిన్నది. పాటంటే ప్రాణం. పొద్దున కళ్ళు తెరిచింది మొదలు పాడుతూనే ఉండేది. దానికి ఒకటే కోరిక. అడవంతా తన పాట వినాలి.

అదే చెట్టు తొర్రలో దరువు అనే వడ్రంగిపిట్ట ఉండేవాడు. పురుగుల కోసం మానును టకటకా పొడిచేవాడు. పురుగు దొరికి కడుపు నిండినా పొడవడం మాత్రం ఆపేవాడు కాదు. ఆ చప్పుడంటే వాడికి అంత ఇష్టం.

చెట్టు కింద వాగు గట్టున, ఒక నాచుపట్టిన రాయి మీద దుందుభి అనే కప్ప ఉండేవాడు. చూడ్డానికి గుప్పెడంత. గుడ్లు బయటికి, నోరు చెవుల దాకా. గొంతు మాత్రం కొండగుహలోంచి వచ్చినట్టు ఉండేది. వాడికి వచ్చింది ఒక్కటే స్వరం. "గుం... గుం..." అంతే.

ఒకరోజు మంజరి పాడుతోంది. పైనుంచి పాట, మధ్యలో టకటక, కిందనుంచి గుం.

"ఒరేయ్ దరువూ! నా పాటకు అడ్డం రాకురా!" అని మంజరి అరిచింది.

"నా పని నేను చేసుకుంటున్నాను. నువ్వే నా చప్పుడుకు అడ్డం వస్తున్నావు" అన్నాడు దరువు.

"ఆ కిందవాడి సంగతేమిటి?" అంది మంజరి.

"నేనేం చేశాను? మీకంటే ముందునుంచీ అంటున్నాను" అన్నాడు దుందుభి.

ముగ్గురూ పంతానికి పోయారు. ఎవరూ ఆపలేదు. మంజరి గొంతు పెంచింది. దరువు జోరు పెంచాడు. దుందుభి మాత్రం ఏమీ పెంచలేదు. వాడి తీరులో వాడు "గుం" అంటూనే ఉన్నాడు.

కాసేపటికి ఒక వింత జరిగింది. మంజరి పాట మెల్లగా దుందుభి గుంకారం మీద కుదురుకుంది. దరువు టకటకలు పాట నడకతో కలిశాయి. మూడూ ఒకటే అయ్యాయి. ముగ్గురూ ఒక్కసారిగా ఆపేశారు. ఒకరినొకరు చూసుకున్నారు.

"మళ్ళీ అందామా?" అన్నాడు దరువు.

మళ్ళీ పాడారు. ఆ పూట ఎవరికీ తిండి గుర్తు రాలేదు.

వాగులో ఒక ముసలి తాబేలు ఉండేది. ఆకులూ వేర్లూ తెలిసిన వైద్యురాలు. అందరూ తాబేలవ్వ అనేవారు. అవ్వ నీళ్ళలోంచి తల బయటికి పెట్టి, "ఇంతకాలం మీరు చేసింది గోల. ఇప్పుడు చేసింది పాట" అని మళ్ళీ మునిగిపోయింది.

పాట కుదిరింది కదా, ఇక పేరు కావాలి. "మంజరి జట్టు అందాం" అంది మంజరి. "టకటక జట్టు అందాం" అన్నాడు దరువు. రెండు రోజులు దాని మీదే వాదించుకున్నారు. మూడో రోజు దుందుభి అన్నాడు.

"మీరిద్దరూ చెట్టు మీద. నేను గట్టు మీద. చెట్టూ గట్టూ జట్టు అంటే సరిపోదూ?"

అందరికీ నచ్చింది. పేరు అదే నిలిచింది.

ఆ ఏడు వానలన్నీ వాళ్ళు సాధన చేశారు. రోజూ పొద్దున్నే, తడిసి ముద్దయినా. చలికాలం వచ్చేసరికి వాళ్ళకు అయిదు పాటలు వచ్చాయి. మొదట వాగుకు నీళ్ళు తాగడానికి వచ్చిన కుందేళ్ళు విన్నాయి. రెండు పాటలకు నిలబడి, దాహం తీరకుండానే మూడో పాట కూడా విన్నాయి. తర్వాత జింకలు వచ్చాయి. ఆ తర్వాత ఎలుగుబంటి వాళ్ళ ఇంటిల్లిపాదీ వచ్చారు.

ఆ మాట ఆ నోటా ఈ నోటా పడి కొమ్మయ్య మామ చెవిన పడింది.

కొమ్మయ్య మామ కొండముచ్చు. అడవిలో ఎక్కడ పండగైనా, ఎక్కడ సంబరమైనా ఆట ఎవరిది, పాట ఎవరిది అని కుదిర్చేది ఆయనే. పొడుగు తోక వీపు మీదికి వంచి, కళ్ళు చికిలించి విన్నాడు.

"బాగుంది పిల్లలూ. మీ పాట వాగు దగ్గర మురిగిపోకూడదు. నేను తిప్పుతాను. అడవంతా తిరుగుతారా?"

"తిరుగుతాం మామా!" అంది మంజరి, మిగతా ఇద్దరి వైపు చూడకుండానే.

ఒక్కటే ఇబ్బంది. దుందుభి కప్ప కదా, ఒళ్ళు ఆరిపోతే బతకడు. అందుకని మోదుగాకులతో ఒక దొప్ప కుట్టారు. అందులో తడి నాచు పరిచారు. దుందుభిని దాన్లో కూర్చోబెట్టి, దొప్పకు కట్టిన తీగను చెరో కొసా ముక్కున పట్టుకుని మంజరి, దరువు ఎగిరేవారు. నీళ్ళు కనబడ్డ ప్రతిచోటా దిగి నాచు తడిపేవారు.

"బరువుగా ఉన్నానా?" అని దుందుభి అడిగేవాడు.

ముక్కున తీగ ఉంది కదా, ఇద్దరూ జవాబు చెప్పలేకపోయేవారు. దిగాక ముగ్గురూ నవ్వుకునేవారు.

ముందు ఏనుగుల రేవులో పాడారు. ఏనుగులు తొండాలెత్తి ఘీంకరించాయి. తర్వాత వెదురుకోనలో పాడారు. అక్కడ వినడానికి వచ్చినవాళ్ళకు నిలబడే చోటు లేక వెదురుపొదలు విరిగాయి. మూడోసారి తేనెబండ దగ్గర పాడితే, తేనెటీగలు పని ఆపేసి విన్నాయని చెప్పుకున్నారు. నిజమో కాదో నాకు తెలీదు. చెప్పుకున్న మాట మాత్రం నిజం.

పేరంటే అదీ పిల్లలూ. అడవిలో చిన్నవాళ్ళందరికీ వాళ్ళ పిచ్చి పట్టుకుంది. గోరువంక కళ్ళ పక్కన పసుపు చార ఉంటుంది కదా. కుందేలు పిల్లలు అచ్చం అలాగే ఉండాలని కళ్ళ పక్కన పుప్పొడి పూసుకున్నాయి. దుప్పి పిల్లలు దరువులా గిట్టలతో రాళ్ళ మీద టకటకమన్నాయి. తల్లులు అన్నానికి పిలిస్తే పలికేవాళ్ళు లేరు.

కప్పలా కళ్ళు ఉబ్బించుకుని తిరిగినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

దుందుభి దాన్ని పట్టించుకోలేదు. కొమ్మయ్య మామ పట్టించుకున్నాడు.

ఎండాకాలం వచ్చింది. ఆ అడవిలో ఎండాకాలం నడుమ పులిగుండు మీద జాతర జరుగుతుంది. పెద్ద రాతిగుండు. చుట్టూ మైదానం. ఆ ఒక్కరోజు పులి కూడా ఎవరినీ ముట్టదు. అడవిలోని జంతువులన్నీ వస్తాయి. అక్కడ పాడినవాళ్ళ పేరు ఏడాదంతా నిలుస్తుంది. కొమ్మయ్య మామ ఆ జాతరలో చెట్టూ గట్టూ జట్టుకు చోటు సంపాదించాడు. దానికి ముందు దారిలో రెండు ఊళ్ళలో పాడాలి. ఊళ్ళంటే మన ఊళ్ళు కాదు, ఒకటి కుందేళ్ళ పుట్టలు, రెండోది జింకల మైదానం.

బయలుదేరే ముందు మామ మంజరినీ దరువునూ పక్కకు పిలిచాడు.

"ఒక మాట చెబుతాను, కోపం తెచ్చుకోకండి. పులిగుండు దగ్గర చుక్క నీరు లేదు. ఆ దొప్ప మోసుకుంటూ, ఆగి ఆగి తడుపుకుంటూ మీరు ఎప్పటికి చేరుతారు? చేరినా, ఆ మండే బండ మీద కప్ప కూర్చోగలడా?"

"ఎలాగోలా మోస్తాం మామా" అన్నాడు దరువు.

"మోస్తారనుకో. అంతమంది ముందు వాణ్ణి చూస్తే ఎలా ఉంటుంది? పాటకు గొంతు ఒక్కటే చాలదు నాయనా, కంటికి కూడా ఏదో ఉండాలి. ఇంద్రనీలం అని ఒక నెమలి ఉన్నాడు. పురి విప్పి ఆడితే రెండు కళ్ళూ చాలవు. వాణ్ణి మీతో నిలబెడతాను."

"మరి దుందుభి?" అంది మంజరి.

"వాడు పాడేది ఒక్క స్వరమే కదమ్మా. అది లేకపోతే ఎవరికి తెలుస్తుంది?"

దరువు చెట్టు బెరడు వైపు చూస్తూ ఉండిపోయాడు.

"ఒక్కసారికే. జాతర అయిపోయాక మళ్ళీ మీ ఇష్టం" అన్నాడు మామ.

మంజరికి పులిగుండు కళ్ళ ముందు కనబడింది. అడవంతా తన వైపు చూస్తున్నట్టు కనబడింది. "సరే మామా" అంది.

దరువు కాదనలేదు. ఔననీ అనలేదు.

ఆ సాయంత్రం దుందుభి రాయి మీద కూర్చుని కొత్త నాచు ఏరుకుంటున్నాడు.

"మంజరీ, ప్రయాణం ఎప్పుడు?" అని అడిగాడు.

నిజం చెప్పవచ్చు. చెబితే వాడు బాధపడతాడు. బాధపడితే తను చూడాలి. అది తప్పించుకోవాలనుకుంది.

"ఎల్లుండి" అంది.

"అయితే రేపు దొప్పకు కొత్త ఆకులు వేస్తాను. పాతవి చిరిగాయి. మీ ముక్కులకు నొప్పి లేకుండా తీగ కూడా సన్నది చూస్తాను" అన్నాడు దుందుభి.

మరునాడు తెల్లవారుతూనే, దుందుభి నీళ్ళ అడుగున ఉండగా, మంజరి, దరువు ఎగిరిపోయారు. ముక్కున తీగ లేదు, బరువు లేదు. చాలా తొందరగా వెళ్ళారు.

కుందేళ్ళ పుట్టల దగ్గర కొమ్మయ్య మామ, ఇంద్రనీలం ఎదురుచూస్తున్నారు. ఇంద్రనీలం మంచివాడే. "నాకు పాట రాదు. మామకు ముందే చెప్పాను. ఆట ఒక్కటే వచ్చు" అన్నాడు.

"నీకు పాటతో పనిలేదు" అన్నాడు మామ. జట్టు పేరు కూడా మార్చేశాడు. "గట్టు మీదివాడు లేడు కదా. ఇక మీరు నీలిపింఛాల జట్టు."

"మా ఇద్దరికీ పింఛాలు లేవుగా మామా" అన్నాడు దరువు.

"ఉన్నవాడు ఒకడున్నాడు, చాలు."

మొదటి ఊళ్ళో పాడారు. ఇంద్రనీలం పురి విప్పగానే కుందేళ్ళన్నీ ఓహో అన్నాయి. ఆ ఓహోలో పాట ఎవరూ సరిగ్గా వినలేదు. మామ తోక ఊపి, "చూశారా?" అన్నాడు. నిజంగానే దుందుభి లేడని ఎవరూ గమనించలేదు. మంజరి మాత్రం గమనించింది. పాట మొదట్లో ఎక్కడ పట్టుకోవాలో దానికి తెలియలేదు. ఇదివరకు కింద ఎప్పుడూ ఆ గుంకారం ఉండేది. దాని మీద అడుగు పెడితే చాలు, పాట దానంతటదే నడిచేది. ఇప్పుడు అడుగు పెడదామంటే కింద ఏమీ లేదు.

రెండో ఊళ్ళో పాట ఇంకా జారింది. శ్రుతి పట్టి ఉంచేవాడు లేక మంజరి గొంతు తనకు తెలియకుండానే పైకి పైకి పోయింది. గొంతు పైకి పోయేకొద్దీ పాట వేగం పెరిగింది. దరువు దాన్ని అందుకోవడానికి ఉరుకులు పరుగులు పెట్టాడు. ఇంద్రనీలం ఆట తడబడింది. పాట అయ్యేసరికి మంజరి గొంతు మండుతోంది.

"మామా, దుందుభిని పిలిపిద్దాం" అన్నాడు దరువు.

"జాతర ఎల్లుండి. ఇప్పుడు వెళ్ళి తెస్తావా? గొంతు కొంచెం బొంగురుపోయింది, అంతే. రెండు తేనె చుక్కలు వెయ్యి, సర్దుకుంటుంది" అన్నాడు మామ.

మూడోది పులిగుండు.

మంజరి జన్మలో అంతమందిని చూడలేదు. ముందు వరసలో పులి, దాని పక్కన ఏనుగులు, చుట్టూ కొమ్మకొమ్మకూ పక్షులు, కళ్ళ పక్కన పుప్పొడి పూసుకున్న పిల్లలు. మండుటెండ. బండ పెనంలా కాలుతోంది. ఇంద్రనీలం పురి విప్పాడు. మైదానం మొత్తం కేకలు వేసింది. దరువు ఎండుమాను మీద మొదటి దెబ్బ వేశాడు.

మంజరి అందుకుంది. అందుకోవడమే పైన అందుకుంది. మొదటి చరణానికి గొంతు ఇంకా పైకి పోయింది. దించుదామని చూసింది, ఎక్కడికి దించాలో తెలియలేదు. రెండో చరణానికి మెడలో నరాలు తేలాయి. మూడో చరణంలో అన్నిటికంటే పై స్వరం అందుకోబోయింది. గొంతు టప్పున తెగింది. పాట రావలసిన చోట ఒక కీచుమన్న చప్పుడు వచ్చింది. తర్వాత అది కూడా రాలేదు.

ఎక్కడో ఒక కోతి కిసుక్కున నవ్వింది. దాన్ని చూసి ఇంకో రెండు నవ్వాయి. పులి లేచి ఒళ్ళు విరుచుకుని నీడకు పోయింది. ముందువరస లేచేసరికి మిగతా వరసలూ లేచాయి.

కొమ్మయ్య మామ చేతులు ఊపుతూ బండ మీదికి వచ్చాడు. "వెళ్ళకండి, వెళ్ళకండి! తర్వాత చిలకల జట్టు!" అన్నాడు. నాలుగు చిలకలు ఎగురుకుంటూ వచ్చాయి. మామ దిగుతూ మంజరి వైపు వంగి, "గొంతు బాగయ్యాక కబురు పెట్టు అమ్మాయ్" అన్నాడు. మాట పూర్తి కాకముందే ఆయన చూపు చిలకల మీదికి పోయింది.

ఇంద్రనీలం వచ్చి, "వాళ్ళకూ ఆట కావాలట. నన్ను ఉండమన్నారు. ఏమనుకోకు" అన్నాడు. మంజరి తల ఊపింది. అనుకోవడానికి వాడి తప్పేముంది?

మంజరి, దరువు రెండు రోజులు ఎగిరి వాగు దగ్గరికి వచ్చారు. వాగు చాలా మారిపోయింది. నీళ్ళు ఇంకి, పాయ తెగి, నాలుగు మడుగులు మిగిలాయి. నాచు రాయి పూర్తిగా బయటపడి తెల్లగా ఎండిపోయింది. దాని పక్కన ఒక చిన్న మడుగులో దుందుభి ఉన్నాడు. వాళ్ళను చూశాడు.

తాబేలవ్వ మంజరి నోరు తెరిపించి చూసింది.

"లోపల పుండయింది తల్లీ. ఆకుపసరు ఇస్తాను. నెల రోజులు పాట లేదు, మాట లేదు. ఒక్క కూత కూసినా ఇక జన్మకు పాడలేవు."

మంజరికి ఏడుపు వచ్చింది. ఏడవడానికి కూడా గొంతు లేదు.

దరువు మడుగు దగ్గరికి వెళ్ళాడు. "దుందుభీ, తప్పయిపోయిందిరా. మామ అలా చెప్పాడు..."

"మామ నాతో ఏమీ చెప్పలేదు" అన్నాడు దుందుభి. "నాకు ఎల్లుండి అని చెప్పింది ఎవరు?"

దరువు తల దించుకున్నాడు.

"దొప్ప కుట్టుకుని మూడు రోజులు ఎదురుచూశాను. మీరు వదిలేసి పోయారని నాకు తట్టలేదు. మీకేదో అయిందనుకున్నాను. డేగ ఏమైనా తన్నుకుపోయిందేమోనని భయపడ్డాను. తిండి తినలేదు. ఆఖరికి దారిన పోతున్న జింకలు చెప్పాయి, మీరు నెమలితో పాడారని, బాగా పాడారని."

అంతే అన్నాడు. మునిగిపోయాడు. ఆ రోజునుంచి దుందుభి "గుం" అనడం కూడా మానేశాడు. ఒక్క స్వరమే కదా, లేకపోతే ఎవరికి తెలుస్తుంది అనుకున్నాడు.

మంజరికి క్షమించమని అడగాలని ఉంది. మాట లేదు. మరేం చేయగలదు? అది చుట్టూ చూసింది. ఎండ రోజురోజుకూ ముదురుతోంది. దుందుభి ఉన్న మడుగు రోజూ బెత్తెడు చొప్పున తగ్గుతోంది. ఇంకో పది రోజులు ఇలాగే కాస్తే నీరు ఉండదు. నీరు లేకపోతే దుందుభీ ఉండడు.

మరునాడు పొద్దున్నే మంజరి ఒక టేకాకు తెచ్చింది. ఆకు దానికంటే పెద్దది. ముక్కున పట్టి, ఈడ్చుకుంటూ, ఎగురుతూ, పడుతూ తెచ్చి మడుగు మీద అడ్డంగా పెట్టింది. ఇంకోటి తెచ్చింది. ఇంకోటి తెచ్చింది. గాలికి రెండు ఎగిరిపోతే మళ్ళీ రెండు తెచ్చింది. దరువు చూశాడు. ఏమీ అడగకుండా ఎండుపుల్లలు విరిచి తెచ్చి మడుగు చుట్టూ పాతాడు. ఆ పుల్లల మీద ఆకులు నిలిచాయి. సాయంత్రానికి మడుగుకు నీడ వచ్చింది.

రోజూ అదే పని. ఎండిన ఆకులు తీసెయ్యడం, పచ్చివి కప్పడం. దుందుభి నీళ్ళలోంచి కళ్ళు మాత్రం బయటపెట్టి చూసేవాడు. వద్దనలేదు. బాగుందనీ అనలేదు. పక్క మడుగులు మూడూ ఎండిపోయాయి. తాబేలవ్వ కూడా ఆ నీడ కిందికే వచ్చి సర్దుకుంది.

ఇరవయ్యో రోజున మంజరి ఆకు తెస్తూ అలసిపోయి గట్టు మీద వాలింది. రెక్కలు వేలాడిపోయాయి. అప్పుడు నీడలోంచి, చాలా మెల్లగా, "గుం" అని వినిపించింది.

మంజరి కదల్లేదు.

"గుం..."

ఇన్నాళ్ళూ అది ఆ స్వరం మీద పాడింది గాని, ఆ స్వరాన్ని ఏనాడూ వినలేదు. ఇప్పుడు నోరు మూసుకుని ఉండాలి కాబట్టి విన్నది. అది ఎక్కడా వణకలేదు, పెరగలేదు, తగ్గలేదు. మొదట ఎలా ఉందో చివర కూడా అలాగే ఉంది. ఒక్క స్వరమే. అలా నిలబెట్టడం ఎంత కష్టమో, గొంతు పోగొట్టుకున్న మంజరికి బాగా అర్థమైంది.

నెల పూర్తయింది. అవ్వ మళ్ళీ నోరు తెరిపించి చూసి, "మానింది. మాట్లాడు, మెల్లగా" అంది.

మంజరి పాట ఎత్తుకోలేదు. మడుగు అంచుకు వెళ్ళింది.

"దుందుభీ, ఎల్లుండి అని చెప్పింది నేనే. మామ చెప్పమనలేదు. దరువుకు తెలీదు. నీ ముఖం చూసి నిజం చెప్పే ధైర్యం లేక అబద్ధం చెప్పాను."

"తెలుసు" అన్నాడు దుందుభి.

"నాకు తెలీకపోవడమేమిటి? పొద్దున్నే ఎగిరేటప్పుడు తెలిసింది. తెలిసీ ఎగిరాను" అన్నాడు దరువు.

దుందుభి నీళ్ళలోంచి పైకి వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. తర్వాత అన్నాడు. "మీతో పాడతాను. కాని నాకు ఒక మాట కావాలి. ఇక ముందు ఎవరి విషయమైనా ముగ్గురం కూర్చునే తేల్చుకుందాం. చెవిలో చెప్పుకోవడం వద్దు."

"సరే" అన్నారు ఇద్దరూ.

తొలకరి వచ్చింది. వాగు నిండింది. వాళ్ళ సాధన మళ్ళీ మొదలైంది. ఒకరోజు కొమ్మయ్య మామ తడిసిన తోకతో వచ్చాడు. చిలకల జట్టు విడిపోయిందట. నలుగురికీ నేను ముందంటే నేను ముందని గొడవట.

"గొంతు బాగయిందట కదా అమ్మాయ్! వచ్చే నెల వెదురుకోనలో సంబరం. వస్తావా?"

ఇదివరకు మంజరి వెంటనే జవాబు చెప్పేది. ఈసారి వెనక్కి తిరిగి, "మీరేమంటారు?" అని అడిగింది.

మామ దుందుభి వైపు చూడవలసి వచ్చింది. దుందుభి తొందరపడలేదు. మామ వానలో నిలబడి ఎదురుచూశాడు.

"వెదురుకోన మంచిదే. కాని ముందు ఇక్కడ పాడతాం. నేను నీళ్ళలో కూర్చుంటాను, వీళ్ళు కొమ్మ మీద. వినాలనుకున్నవాళ్ళు ఇక్కడికి వస్తారు" అన్నాడు దుందుభి.

"వానలో, ఈ బురదలోకా? ఎవరొస్తారు నాయనా?" అని నవ్వాడు మామ.

ఆయన అన్నది పూర్తిగా తప్పు కాదు. మొదటి రోజు వచ్చింది ఏడుగురే. అందులో ఇద్దరు వాన తగ్గేదాకా చెట్టు కింద నిలబడటానికి వచ్చినవాళ్ళు. రెండో రోజు ఇరవైమంది వచ్చారు. పులిగుండు దగ్గర నవ్విన కోతులు కూడా వచ్చాయి, నవ్వడానికే వచ్చాయి. పాట మొదలయ్యాక నవ్వడం మరిచిపోయాయి. మూడో వారానికి వాగుకు అటూ ఇటూ రెండు గట్లూ నిండాయి. అంత వానలోనూ ఎవరూ మధ్యలో లేచిపోలేదు. వెనక బురదలో, మోకాళ్ళ దాకా దిగబడి, కొమ్మయ్య మామ నిలబడి ఉన్నాడు.

ఆ రోజు ఆఖరి పాటలో, జనాన్ని చూసిన సంబరంలో, మంజరి గొంతు మళ్ళీ ఒక్క పిసరు పైకి జారింది. కింద దుందుభి అది విన్నాడు. "గుం" అన్నది కొంచెం గట్టిగా అన్నాడు. అంతే. మంజరి కిందికి దిగి పాటలో కుదురుకుంది. దరువు దెబ్బ తప్పలేదు. వింటున్నవాళ్ళలో ఏ ఒక్కరికీ ఏదీ తెలియలేదు.

మంజరికి తెలుసు. చరణానికీ చరణానికీ మధ్య ఊపిరి తీసుకునే చోట, అది నీళ్ళ వైపు చూసి తల వంచింది. తర్వాత పాట అందుకుంది.

నీతి: మనల్ని నిలబెట్టేవాడు పైకి కనబడకపోవచ్చు. నలుగురూ మనల్ని మెచ్చుకునే రోజున మనం ముందుగా తలచుకోవలసింది అతన్నే.